విత్తనానికి విడిచిన మొక్కలు

ఒక మనిషిని జైల్లో వెయ్యడానికి ఇరవై మొక్కలు చాలని బాలమ్మకు ఆ రోజు దాకా తెలియదు.

కోత అయిపోయిన చేనులో, గట్టు వెంట ఒక వరస మాత్రం నిలబడి ఉంది. జీపు దిగిన అధికారి అటు చూపించి, "వీటినెందుకు కొయ్యలేదు?" అన్నాడు. బాలమ్మ మొగుడు ఓదెలు ఏమీ దాచలేదు. దాచవలసిన పని చేశానని అతనికి తోచనే లేదు.

"మంచి బలమున్న మొక్కలు సారూ. విత్తనానికి ఇడిసిన."

జొన్నకైనా కందికైనా వాళ్ళ తాతల కాలం నుంచి చేస్తున్న పనే అది. కోతకు ముందు చేనంతా తిరిగి, బలమైన మొక్కలను ఏరి, పండనిచ్చి, వచ్చే ఏటికి గింజ దాచుకుంటారు. ఆ మాటే నేరం ఒప్పుకున్నట్టు పంచనామాలో ఎక్కింది. అతని రెక్కలు విరిచిపట్టి జీపులో కుక్కారు. సెలవు పెట్టి పట్నం నుంచి కోతకొచ్చిన బాలమ్మ చేతిలో కొడవలితోనే రోడ్డు దాకా పరుగెత్తింది.

ఆ పంటను కాగితాల్లో హెంప్ అంటారు, ఊళ్ళో నార పంట అంటారు. గంజాయికి వరసకు చెల్లెలే గానీ లేతగా కోస్తే మత్తు ఉండదు. బట్టకూ తాడుకూ పనికొస్తుంది. ప్రయోగం అని చెప్పి ప్రభుత్వం మూడు జిల్లాల్లో కొందరు రైతులకు అనుమతిచ్చింది. హైటెక్ సిటీ కంపెనీ ఒకటి విత్తనం ఇచ్చింది. ముదిరితే మత్తు పెరుగుతుందట, అందుకని కోత తేదీ దాటి ఒక్క మొక్క నిలబడ్డా అది గంజాయి కిందే లెక్క. విత్తనం ఏటేటా కంపెనీ దగ్గరే తీసుకోవాలి. ఇదంతా పదహారు పేజీల ఇంగ్లీషులో ఉంది. ఊరివాళ్ళు వేలిముద్ర వేసింది పదిహేడో పేజీలో!

ఆ కంపెనీ ఉన్న అద్దాల భవనంలోనే బాలమ్మ నేల తుడుస్తుంది. మూసాపేటలో కిరాయి గది. మొగుడు ఊళ్ళో సేద్యం చేసి, పెళ్ళాం పట్నంలో ఊడ్చి, ఇద్దరి రెక్కలూ కలిస్తేనే ఆ సంసారం నడిచేది. ఊరు ఊరంతా అంతే. కొడుకులు సెక్యూరిటీలో, డ్రైవింగులో ఉంటే ముసలివాళ్ళు చేను చూసుకుంటారు.

శనివారం కంపెనీ మేనేజరు వెంకట్ ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. ఆరేళ్ళలో ఆ భవనంలో ఆమెకు కుర్చీ చూపించడం అదే మొదలు.

"నిబంధనలు సడలించే ఫైలు సోమవారం ఇక్కడే మీటింగుకు వస్తోందండి. రైతులందరికీ మేలు. మీ ఆయన కేసొక్కటే అడ్డం. ఓదెలు చెడు ఉద్దేశంతో మొక్కలు దాచాడు, మిగతావాళ్ళకు సంబంధం లేదు అని మీ ఊరి రైతులంతా సంతకాలు పెడితే చాలండి. ఆయనకు మంచి లాయరును మేమే పెడతాం."

మొగుణ్ణి ముంచి, తేల్చడానికి వాళ్ళే లాయరును పెడతారట! బాలమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మూసాపేటలో బాలమ్మ ఉండే ఇంటి మేడ మీద, ఊరి నుంచి వచ్చినవాళ్ళతో కలిపి నార పంట రైతులు ఇరవై ఏడుగురు కూడారు. క్యాబు నడిపే భాస్కర్‌కు ఊళ్ళో రెండెకరాలుంది. అతనే ముందు లేచాడు.

"వదినా, తప్పుగ అనుకోకు. ఒక్కని కోసం అందరి ఇండ్లు ఆగం చేసుకుందామా? సడలింపు రానీ, ఎనుక ఓదెలన్నను తెచ్చుకుందాం."

"ఎట్ల తెస్తవ్ భాస్కర్? దొంగ అని మనమే రాసిచ్చినంక ఏ మొఖం పెట్టుకొని తెస్తవ్?"

నిజాంపేట హాస్టల్లో ఉంటూ లా చదువుతున్న స్వప్న ఆ ఊరి పిల్లే. కొత్త నిబంధనల ముసాయిదా సంపాదించి తెచ్చింది.

"జర ఇనుండ్రి. ఫ్యాక్టరీకి లైసెన్సు ఒక్కపారి తీస్కుంటె ఐదేండ్లు. పరీక్షలు తక్కువ. మనకైతే విత్తనం పెట్టుకోవద్దు, మొక్క నిలవడితె జైలు. గా రూలు ఇప్పుడూ ఉన్నది, రేపూ ఉంటది."

"మరి సడలింపు ఎవలికి?" అన్నాడు భాస్కర్. జవాబు అందరికీ తెలిసిందే.

అప్పుడు ఓబులమ్మ నోరు తెరిచింది. మొగుడు పోయినా ఒంటి చేత్తో ఎకరం దున్నే ముసలామె.

"నేను గూడ ఇడిసిన. ఆరు మొక్కలు. జీపు సప్పుడినంగనె పీకి బాయిల ఏసిన. ఓదెలును కొంటవోతుంటె తలుపేసుకొని ఇంట్ల కూసున్న."

ముసలామె వెక్కి వెక్కి ఏడ్చింది. భాస్కర్ తల వంచుకుని, "నేను పది" అన్నాడు. వెనక నుంచి ఇంకొకరు నాలుగన్నారు. విత్తనానికి విడవని రైతు ఆ మేడ మీద ఒక్కడూ లేడు. వారం నుంచి ఎవరి భయం వాళ్ళు ఇంట్లో దాచుకుని, ఒక్కడినే దొంగను చేసి కూర్చున్నారు. సిగ్గేసింది అందరికీ. ఆ సిగ్గులోనే కొంచెం ధైర్యం కూడా పుట్టింది.

సోమవారం అద్దాల భవనం ఏడో అంతస్తులో, రైతులంతా సంతకాలకే వచ్చారనుకుని వెంకట్ కాగితమూ పెన్నూ బల్ల మీద పెట్టాడు. ఎదురుగా అధికారులు కూర్చున్నారు. ఓబులమ్మ లేచి నిలబడింది.

"రాస్కో సారూ. ఓబులమ్మ. ఆరు మొక్కలు."

"భాస్కర్. పది."

ఒక్కొక్కరే లేచారు. పెద్ద అధికారి మొహం మాడిపోయింది. "ఇది నేరం ఒప్పుకోవడం. తెలుస్తోందా మీకు?"

"ఒక్కడు చేస్తె నేరమంటిరి. ఊరంత చేసినం" అంది బాలమ్మ. "ఓదెలును ఇడువుండ్రి, లేదంటె అందర్ని పట్టుకపోండ్రి. విత్తనం రైతుదని ఆ ఫైల్ల రాసేదాంక ఒక్క సంతకం గూడ దొరకదు."

"అమ్మా, ఫైలు మొత్తం పోతుందండీ!" వెంకట్ చేతులు జోడించాడు.

"పోనీ సారూ. మాది కానిది పోతె మాకేం ఫికర్?"

బయటికి నెట్టమని సెక్యూరిటీని పిలిచారు. వచ్చిన గార్డు అనిల్. లోపల ఉన్నవాళ్ళలో వాళ్ళమ్మ కూడా ఉంది. అతను టోపీ తీసి బల్ల మీద పెట్టి, తల్లి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

పోలీసులు వచ్చి, టీవీవాళ్ళు కెమెరాలు తిప్పుతుండగా అందరినీ వ్యానెక్కించారు. ఎక్కే ముందు స్వప్న కెమెరాల ముందు తన ఫోను నంబరు చెప్పింది. సడలింపు ఫైలు వాయిదా పడింది. అనిల్ ఉద్యోగం పోయింది, బాలమ్మదీ పోయింది. ఓదెలుకు బెయిలు రాలేదు. స్టేషన్ ఆవరణలో ఎండకు కూర్చున్న బాలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంతమందినీ ఇందులోకి లాగానా అని భయమేసింది.

స్వప్న ఫోను మోగింది. అవతల ఎవరో తెలియని గొంతు. పక్క జిల్లాలో నార పంట వేసిన రైతట.

"టీవీల చూసినం బిడ్డా. మా ఊర్ల గూడ విత్తనానికి ఇడిసినం. నలభై మందిమి బస్సెక్కినం. ఏ స్టేషనుకు రావాలె?"

బాలమ్మ కళ్ళు తుడుచుకుని ఫోను అందుకుంది. స్టేషన్ పేరు చెప్పి, ఎక్కడ దిగాలో రెండుసార్లు చెప్పింది.