దేవుని మాన్యం, పూజారి పాస్‌బుక్కు

ఫీజు రీయింబర్స్‌మెంట్ జాబితాలో సంహిత పేరుకెదురుగా ‘అనర్హులు’ అని పడింది. కారణం: భూమి. ముప్పై ఒక్క ఎకరాలు.

వేముల దగ్గర వాళ్ల ఊరి సచివాలయంలో కంప్యూటర్ పని చూసే మసరత్, తెర ఇటు తిప్పి చూపించింది. సంహితకు మొదట నవ్వొచ్చింది. తాము ఉంటున్న రెండు గదుల ఇల్లు కూడా గుడిదే. తండ్రి నాగభూషణం చెన్నకేశవస్వామి పూజారి. తల్లి పోయి నాలుగేళ్లు. ఇంటికి వచ్చేదల్లా హారతి పళ్లెంలో చిల్లర, పంటకు ఊరిచ్చే నాలుగు మూటల గింజలు.

“నవ్వుతాండావా? ఇరవై ఐదెకరాల మెట్ట దాటితే ఫీజు రాదుమ్మే. పోయినేడు భూమి లెక్క చూడలేదు, ఈ ఏడు చూస్తాండారు. పట్టాదారు పాస్‌బుక్కు మీ నాయన పేరు మీదుండాది, చూడు.”

“అది దేవుని మాన్యం కదక్కా! ఊరందరికీ తెలుసు.”

“ఊరికి తెలుసు, కంప్యూటర్‌కు తెల్దు. భూమి నాది కాదు, స్వామిదని మీ నాయన తాసిల్దారుకు రాసియ్యల్ల. శనివారం దాటితే ఈ ఏటికి నేనేం చేయలేను.”

ఆ రోజు మంగళవారం. సంహితది ప్రొద్దుటూరులో ఇంజనీరింగు రెండో సంవత్సరం. ఫీజు రాకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. లేనివాడు తనకు లేదని తానే రుజువు చేసుకోవాలి. ఉన్నవాణ్ణి ఎలా వచ్చిందని అడిగే దిక్కు లేదు. మన రాజ్యం ఇంతే.

ఆ భూమిని దున్నేది ఆదినారాయణ రెడ్డి. వేలం లేదు, కౌలు లేదు. పన్నెండేళ్ల కిందట నాగభూషణాన్ని జీపులో ఎక్కించుకుపోయి, “దేవుడు సంతకం పెట్టలేడు గదా సామీ, నువ్వు పెట్టు” అన్నాడు. మాన్యం పూజారి పేరు మీదికి మారింది. దేవాదాయ శాఖ లెక్కలో భూమి మాయం. రెడ్డి బోర్లు దించాడు, అరటి పెట్టాడు. కాగితాల్లో మాత్రం అది ఇంకా మెట్టే. పంట బీమా వచ్చినప్పుడల్లా సంతకం పూజారిది, దుడ్లు రెడ్డివి.

“నాన్నా, రాసియ్యి” అంది సంహిత ఇంటికొచ్చి. సంగతి ఆయన చెవిన అప్పటికే పడింది.

నాగభూషణం గంధం తీస్తూ తలెత్తలేదు. “రెడ్డికి చెప్పినాలే. ఫీజు తానే కడతానన్నాడు.”

“ఆయనకెందుకు చెప్పినావు?”

ఆయన చేయి తుడుచుకుని, పంచాంగాల కింద నుంచి పాస్‌బుక్కు తీశాడు. అట్ట మీద దుమ్ము లేదు. “మా నాయన నలభై ఏండ్లు గంట కొట్టినాడు. ఒక్క సెంటు ల్యా. దీంట్లో నా ఫోటో ఉండాది చూడు. నన్ను ఆసామి అన్న కాగితం ఇదొక్కటేనమ్మా.”

తండ్రి ఆ పుస్తకాన్ని రోజూ తీసి చూసుకుంటాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. కోపం వచ్చింది. దానికన్నా ఎక్కువ జాలి వచ్చింది. ఆ జాలి చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

మరునాడు రెడ్డే గుమ్మం ముందు బండి ఆపాడు. “ఏం ఇంజనీరమ్మా! నీ ఫీజు నా తోటలో ఒక్క కోత దుడ్లంత గూడా లేదు. ఆఫీసులెంట ఎందుకు తిరుగుతావు?”

“ఈ ఏడు కడతావు మామా. వచ్చే ఏడు?”

“నువ్వు మాట వింటాంటే వచ్చే ఏడూ కడతా” అని నవ్వాడు.

మాట వింటే! సర్కారు ఇచ్చేది హక్కు, ఈయన ఇచ్చేది మెడకు పలుపు. సంహితకు అక్కడే తేలిపోయింది.

గురువారం ఒక్కతే తాసిల్దారు ఆఫీసుకు పోయి అర్జీ పెట్టింది. గుమాస్తా చదివి కళ్లద్దాలు తీశాడు.

“పట్టాదారు సంతకం యాడమ్మా?”

“పెట్టలేదు సార్. మీరే విచారించండి.”

“విచారిస్తే తిప్పలు మీ నాయనకే. దొంగ పాస్‌బుక్కు అంటారు. వెనక్కి తీసుకుంటావా?”

వరండాలో చాలాసేపు నిలబడింది. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఆమెను పక్కకు జరగమన్నారు. జరిగింది. మళ్లీ లోపలికెళ్లి, “ఉండనీండి సార్” అంది.

తాసిల్దారు కొత్తగా వచ్చినవాడు, రెడ్డితో ఇంకా పరిచయం కాలేదు. అందుకే మరుసటి రోజే వీఆర్వో పొలం దగ్గరికి వచ్చాడు. సగం ఊరు గట్టు మీద చేరింది. రెడ్డి చేతులు కట్టుకుని, ఏమీ పట్టనట్టు నిలబడ్డాడు.

“సామీ, ఈ భూమి ఎవరిది?” అన్నాడు వీఆర్వో.

నాగభూషణం కూతురి వైపు చూడలేదు. రెడ్డి వైపూ చూడలేదు. గోళ్లలో ఎండిన గంధం గీక్కుంటున్నాడు.

“స్వామిది.”

“గట్టిగా చెప్పు సామీ.”

“స్వామిదే. నాది కాదు.”

కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన ఎందుకలా చెప్పాడో సంహితకు ఇప్పటికీ తెలియదు.

“శానా పెద్దోనివైనావు సామీ” అని రెడ్డి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఊరూ వెళ్లిపోయింది. న్యాయం జరిగిందని చప్పట్లు కొట్టినవాడు ఒక్కడూ లేడు. తండ్రి ముందు నడిచాడు, కూతురు పది అడుగుల వెనక. ఇల్లు చేరేదాకా ఆయన తిరిగి చూడలేదు.

ఆ నెలలోనే రెడ్డి కొడుకు కొత్తింట్లో చేరాడు. నాగభూషణాన్ని పిలవలేదు, పూజారి పులివెందుల నుంచి వచ్చాడు. పంటకు రావాల్సిన నాలుగు మూటలు రాలేదు. రెడ్డికి కోపమొస్తుందని తీర్థానికి కూడా జనం రావడం మానేశారు.

ప్రొద్దుటూరు హాస్టల్లో ఒక సాయంత్రం సంహిత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: అర్హులు. గదిలో ముగ్గురు అమ్మాయిలు జడలు వేసుకుంటూ ఏదో సినిమాకు పోవాలనుకుంటున్నారు. వాళ్లకు ఇదంతా మొదటినుంచీ చెప్పాలి. చెప్పలేదు. మెట్ల మీదికి పోయి ఇంటికి ఫోన్ చేసింది.

“నాన్నా, ఫీజు వచ్చింది.”

“మంచిది.”

“గుడికి ఎవరన్నా వస్తాండారా?”



“వస్తారులే. ఫోన్ పెట్టు, పనుండాది.”

ఆయనకు పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు. సంహిత ఫోన్ పెట్టేసింది.