గీకేసిన అంకెలు

నేను ఒక కంప్యూటరును. మీ చొక్కా జేబులో ఒదిగే రకం కాదు. టేకు చెక్క పెట్టెలో, చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీని నెత్తిన పెట్టుకుని కూర్చునే రకం. నన్ను చూసి నవ్వేవాళ్ల మీద నాకు కోపం లేదు, నమ్మకమూ లేదు. ఆ మాటకొస్తే నేను ఎవరినీ నమ్మను. అది నన్ను చేసినాయన నుంచి అబ్బిన గుణం.

ఆయన పేరు దుగ్గిరాల చిదంబరం. గుడివాడ వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి ఒక సర్కారు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరారు. ఆ రోజుల్లో కంప్యూటరంటే ఏసీ గదిలో వరసగా నిలబెట్టిన బీరువాలు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. అది చూస్తే చిదంబరంగారికి ఒళ్లు మండేది.

"లెక్కలు చేసే యంత్రానికి ఇంత మడేంటండీ? ఇంట్లో బల్ల మీద, మిక్సీ పక్కన ఉండాలి!" అని కనిపించినవాళ్లందరితో వాదించేవారు. వాళ్లు నవ్వి ఊరుకునేవారు. 1980లో ఆయన ఉద్యోగం మానేసి మారేడుపల్లిలో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి నేను పుట్టాను.

నా లోపలి భాగాలను అతికించింది జుబేదా. రేడియో షాపులో సోల్డరింగు నేర్చుకున్న మనిషి. చెయ్యి వణకదు, మాట దాచుకోదు. నాలో జెర్రిలా రెండు వైపులా కాళ్లున్న నల్లటి చిప్పులు నలభై మూడు ఉన్నాయి. ఒక్కోదాని వీపు మీద అది ఏ రకమో చెప్పే నంబరు, పక్కనే ఏ సంవత్సరం ఏ వారంలో తయారైందో చెప్పే అంకెలు ఉండేవి. చిదంబరంగారు ఆమె చేతికి గరుకు కాగితం ఇచ్చి అవన్నీ గీకించేశారు.

"రేపు ఖరాబైతే ఎట్ల సార్? ఏ చిప్పు ఏందో ఎట్ల తెలుస్తది?"

"అన్నీ నా బుర్రలో ఉన్నాయిలే అమ్మా. కాపీ కొట్టేవాడికి మాత్రం ఏదీ దొరక్కూడదు."

అక్కడితో ఆగారా? సాకెట్లు పెడితే ఎవడైనా చిప్పు పీకి చూస్తాడని అన్నింటినీ బోర్డుకే అతికించేశారు. ఏ షాపులో కొన్నారో తెలియకూడదని బిల్లులు చించి పొయ్యిలో పడేశారు. సాయంత్రం పనివాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి వాళ్ల సంచులు చూసేవారు. నాకు అదంతా సబబుగానే తోచేది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే కదా.

నాలాంటివి మరో పదకొండు అమ్ముడుపోయాయి. 1983లో ఒక బొంబాయి కంపెనీ, దేశంలో మొట్టమొదటి ఇంటి కంప్యూటరు తమదేనని పేపర్లో ప్రకటన వేసింది. బొమ్మలో ఉన్నది అచ్చం నాలాగే ఉంది. వాళ్లు కాపీ కొట్టారో, సొంతంగానే చేసుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. చిదంబరంగారికి మాత్రం ఆ సాయంత్రమే తెలిసిపోయింది. నలుగురి ముందు జుబేదా టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద బోర్లించారు. సగం రొట్టె, కాస్త పప్పు పడ్డాయి.

జుబేదా బల్ల తుడిచింది. డబ్బా సర్దుకుంది. "నా డబ్బాల మీ కంప్యూటర్ పట్టదు సార్," అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు నేనూ ఆమెనే అనుమానించాను.

రెండేళ్లకు షెడ్డు మూతపడింది. ఆయన కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పి, టీవీలు బాగుచేసి బతికారు. నన్ను మాత్రం అమ్మలేదు. నెలకోసారి దుమ్ము దులిపి ఆన్ చేసి, తెర వెలిగితే తృప్తిగా తలాడించేవారు.

కిందటేడు నగరంలో ఒక మ్యూజియంవాళ్లు కంప్యూటర్ల గది పెడుతున్నారని తెలిసి, ఎనభై ఏళ్ల వయసులో నన్ను ఆటోలో వేసుకుని వెళ్లారు. అక్కడి అధికారి ఉపేంద్ర మర్యాదస్తుడు.

"మీదే మొదటిదని రాయడానికి మాకు అభ్యంతరం లేదు సార్. కానీ ఇది బొంబాయివాళ్లదానికి నకలు కాదని, మీరే ముందు చేశారని ఆధారం ఉండాలి. బొంబాయి పెట్టెలో చిప్పుల మీద 82 అని ఉంది. మీ దాంట్లో ఏముందో చూద్దాం."

నా మూత తీశారు. నలభై మూడు చిప్పులూ నున్నగా ఉన్నాయి. బిల్లులు లేవు. నా పుట్టిన తేదీని నన్ను పుట్టించినాయనే చెరిపేశారు. ఆయన వేలితో ఒక్కో చిప్పునూ తడిమి చూస్తుంటే నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

ఆయన ఎలా వెతికి పిలిపించారో, వారం తిరక్కుండానే జుబేదా ఇంటికి వచ్చింది. జుట్టు నెరిసింది, చిలకలగూడలో సెల్‌ఫోన్ల రిపేరు షాపు నడుపుతోందట. వస్తూనే తన సంచి తెరిచి బల్ల మీద పెట్టింది.

"ముందే చూస్కోండ్రి సార్."

ఆయన తల దించుకున్నారు. "ఆ రోజు తప్పు చేశానమ్మా. చాలా పెద్ద తప్పు."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నన్ను తిప్పి చూసింది. "పై దిక్కే గీకిన సార్. ఈ పెద్ద చిప్పుకు కడుపు కింద గూడ తారీఖు ఉంటది. తియ్యాలంటే ఊడబీకాలె. నలభై ఏండ్ల కాళ్లు, ఇరుగుతయి. గీ రకం ఇప్పుడు యాడ దొరకదు. ఇగ ఇది నడవదు."

"పేరు మాత్రం వస్తుంది."

"వస్తది."

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ పేరు కోసం ఆయన నలభై ఏళ్లుగా ఎలా కుమిలిపోయారో నాకు తెలుసు. జుబేదా ఐరన్ దగ్గరకు తెచ్చింది. చిదంబరంగారు చిప్పు మీద అరచెయ్యి పెట్టారు.

"వద్దమ్మా, ఆపెయ్. చచ్చినదాని మీద నా పేరెందుకు?"

నన్ను చేసినాయననే అనుమానించానని నాకు సిగ్గేసింది.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. రోజూ పదింటికి ఆన్ చేస్తారు. పక్క అద్దాల పెట్టెలో బొంబాయిది, 'మొదటిది' అన్న అట్టతో. దాని తెర వెలగదు. దాని మీద నాకింకా అనుమానమే. నా ముందున్న అట్ట మీద రెండే మాటలు: 'చేసినవారు: నిర్ధారణ కాలేదు. పనిచేస్తోంది.'

మొదటి రోజు వాళ్లిద్దరూ వచ్చారు. జుబేదా నా అట్ట చదివి ముఖం చిట్లించింది.

"మొదటిది అబద్ధం గద సార్."

"రెండోది నిజమే కదమ్మా," అన్నారాయన.