మునగని గుడ్డ

నీళ్లమీద గుడ్డ ముక్క తేలుతోంది.

తెల్లటి ముక్క. గాయాలకు కట్టే గుడ్డ. కింది నేతశాల వాకిట్లో పళనియమ్మాళ్ బేసిన్‌లో నీళ్లు పోసి, ప్రతి తానులోంచీ ఒక ముక్క కత్తిరించి వదులుతుంది. పది లెక్కపెట్టేలోగా మునగాలి. మునగకపోతే అది రక్తం పీల్చదు — తాను తానంతా వెనక్కి. సొంత కొడుకు నేసిన తానైనా సరే, వెనక్కే.

మేడమీద ఆఫీసు కిటికీలోంచి దర్శిని రోజూ అది చూస్తుంది.

చూసి ఏం నేర్చుకుంది? ఏమీ లేదు.

ఒళ్లు మండిపోతోంది ఆమెకు.

కంప్యూటర్ తెరమీద శ్రీధర్ రాసిన టెస్టు ఉంది. శ్రీధర్ ఆమెకు మేనమామ, ఇక్కడ పైఅధికారి కూడా. వీళ్లు చేసేది ప్రోగ్రాముల పాత ప్రతులను భద్రపరిచే సాఫ్ట్‌వేర్. అందులో చెత్త ఫైళ్లను ఊడ్చే కమాండ్ ఒకటి; ఈ టెస్టు పరీక్షించేది దాన్నే. చెత్తను ఊడ్చాలి... ఉంచమన్నదాన్ని ముట్టుకోకూడదు.

పోయిన సోమవారం ముట్టుకుంది. తళవాయిపురం నుంచి ఈ ఆఫీసుకు బస్సులో వచ్చే సెల్వి ఇరవై రోజులు రాసిన పనంతా ఊడ్చుకుపోయింది. తప్పు ఆ పిల్లదేనని మామ పైవాళ్లకు రాశాడు. కమాండ్ మంచిదే అనడానికి సాక్ష్యం ఈ టెస్టు. దర్శిని సరే అంటే, సాయంత్రానికి సెల్వి ఉద్యోగం పోతుంది.

చదివింది. మళ్లీ చదివింది.

ఉంచవలసిన ఫైలు ఆ టెస్టులో లేనే లేదు. ఒక్క ఫైలైనా పెట్టకుండా కమాండ్‌ను నడిపి, గొడవ లేకుండా ముగిసిందా అని మాత్రం అడిగాడు. ముగిసింది. పచ్చ టిక్కు — టెస్టు నెగ్గినట్టే.

ఖాళీ ఇల్లు ఊడ్చి, ఏమీ పోలేదని చాటింపు!

ఇంకా కిందికి వెళితే — ఆరు నెలల కిందట దీన్ని చూసి ఒప్పుకున్న మనిషి పేరు.

దర్శిని.

తెరవకుండానే ఒప్పుకుంది. మామ రాసింది తెరిచి చూడటమా? వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్ల పనిని తరచి చూడరు. అదే మర్యాద.

మర్యాద! సిగ్గుతో చెవులు కాలాయి.

తలుపు దగ్గర మామ.

"ఏమ్మా, ఇంకా ముగియలేదా? పచ్చగానే వస్తా ఉంది కదా."

"ఫైలే పెట్టలేదు మామా. ఉందా పోయిందా ఎట్ల తెలిసేది?"

"నువ్వే కదా అప్పుడు ఓకే చేసినావు."

"చేసినాను. చూడకుండా చేసినాను."

"అప్పుడు చూడనిదానివి, అప్పురం ఇప్పుడు మాత్రం ఎందుకు?" నవ్వాడు. "మీ అమ్మకు తెలిస్తే సంకటపడుతుంది. మధ్యాహ్నం సాపాటు లోపల ముగించు."

వెళ్లిపోయాడు.

సెల్వి తన కుర్చీలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, బస్సు కోసం కూర్చున్నట్టు.

దర్శిని టెస్టులో రెండు వరుసలు చేర్చింది. ఉంచవలసిన ఫైలు ఒకటి పెట్టు. ఊడ్చాక అది ఉందా — చూడు.

నడిపింది.

ఎరుపు.

పోయింది. సెల్వి పని పోయినట్టే పోయింది.

రెండు వరుసలు! రెండు వరుసలకు బద్ధకించి... కాదు, భయపడి... ఒక పిల్ల బతుకు మీదికి తెచ్చింది. మామమీద ఎంత కోపమో, తనమీద అంతకు రెట్టింపు.

"ఈ టెస్టు చెల్లదు. మొదట ఒప్పుకున్నది నేనే, తెరవకుండా" అని పైవాళ్లకు రాసింది. ఇంకా పంపలేదు.

ఫోను మోగింది. అమ్మ. మామ అప్పుడే చెప్పేసినట్టున్నాడు.

మోగుతూనే ఉంది.

కింద పళనియమ్మాళ్ కొత్త ముక్క వదిలింది. దర్శిని వేలు పంపే మీటమీద ఉంది. ఏడు... ఎనిమిది... తొమ్మిది...

నీళ్లమీద గుడ్డ ముక్క తేలుతూనే ఉంది.