ఆరుష్ ఇంకా రెడీ కాలేదు

"వీడికిక లాన్ అప్పజెప్పేయొచ్చు" అన్నారు మా ఆయన ఇడ్లీ తుంచుకుంటూ, పిల్లాడికి సంబంధాలు చూడొచ్చు అన్నంత గంభీరంగా.

వీడంటే మా ఆరుష్. మొన్ననే పన్నెండు నిండాయి. వాడి కళ్ళు వెలిగిపోయాయి. నా చేతిలో సాంబారు గరిటె మాత్రం గాల్లోనే ఆగిపోయింది. అది చూసి మా అత్తగారు ధనమ్మగారు తల్లి ప్రాణం కదా అని జాలిపడ్డారు. "చంటివాడురా వాడు! వాడి చేత గడ్డి కోయిస్తావా? వేలో కాలో తెగితే? ఉష కోస్తూనే ఉందిగా, దానికేం వచ్చింది?" అన్నారు. నా వేలు తెగితే ఫర్వాలేదని ఆవిడ ఉద్దేశం కాదు పాపం. నాకూ వేళ్ళుంటాయన్న సంగతి ఆవిడకి తట్టలేదంతే.

"లేదమ్మా, పిల్లల డాక్టరే చెప్పాడు. నెట్టుకుంటూ నడిచే మోవరైతే పన్నెండేళ్ళకి ఫర్వాలేదట. ఎక్కి కూర్చుని నడిపేదైతే పదహారు రావాలట" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి దయగా నవ్వారు. "నీకూ రెస్టు ఉషా. శనివారం పొద్దున్న ఫ్రీ అవుతావు. మా టీమ్ వాళ్ళు ఎప్పట్నుంచో పెసరట్టు ఉప్మా అంటున్నారు, పిలుద్దాం."

నాకు గుండెల్లో రాయి పడింది. పిల్లాడికేదో అవుతుందని కాదు. నా గంట పోతుందని.

ఆ గంట సంగతి చెప్పాలి. అమెరికా వచ్చి ఆల్ఫారెట్టాలో ఈ ఇల్లు కొన్న మొదటి వేసవిలో మా ఆయన ఒక్కసారంటే ఒక్కసారి లాన్ మో చేశారు. ఆ పైన మూడు రోజులు తుమ్మారు. గడ్డి ఆయనకి పడదని తేలింది. తేల్చింది డాక్టరు కాదు, ఆయనే. "టెంపరరీగా నువ్వు చూడు ఉషా, తర్వాత ఎవర్నన్నా పెడదాం" అన్నారు. ఆరేళ్ళయింది. వీసాలైనా ఎక్స్‌పైర్ అవుతాయి గానీ ఈ టెంపరరీకి ఎక్స్‌టెన్షన్ల మీద ఎక్స్‌టెన్షన్లు. తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్కుల్లో మగవాళ్ళంతా ఆయన చుట్టూ చేరి, "శ్యామ్‌సుందర్ గారూ, మీ లాన్ అంత పచ్చగా ఎలా ఉంటుందండీ?" అని అడుగుతారు. "కాస్త కేర్ తీసుకోవాలండీ" అంటారాయన వినయంగా. నేను పక్కనే పులిహోర వడ్డిస్తూ ఉంటాను.

మొదట్లో ఏడుపొచ్చేది. ఓ రోజు మాత్రం ఒక విషయం కనిపెట్టాను. మా పాత గ్యాస్ మోవర్ తాడు లాగితే వీధంతా అదిరిపోతుంది. దాని వెనక నడిచే మనిషి ఏం మాట్లాడినా పక్కనున్నవాళ్ళకి కూడా వినిపించదు. చెవులకి ఇయర్‌మఫ్స్ తగిలించుకుంటే తన మాట తనకే వినిపించదు. "ఉషా, నా బెల్టేదీ?", "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయేమో చూడు", "అమ్మా, వైఫై పోయింది" ఇవేవీ నా దాకా రావు. గడ్డి పెరిగితే మా కాలనీ సంఘం, అదే హెచ్‌ఓఏ వాళ్ళు ఊరుకోరు గనక ఎవరూ నన్ను లోపలికి పిలవనూ పిలవరు. ఆ గంటసేపు నేను మాట్లాడతాను. పైకే, గొంతెత్తి, శుభ్రమైన తెలుగులో.

నేను ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాను. ఎవరేమన్నా నవ్వేస్తాను. ఆ నవ్వు వెనక సమాధానాలు పోగవుతూ ఉంటాయి, శనివారం దాకా. గృహప్రవేశం నాడు మా ఆడపడుచు "నీకేం వదినా, అన్నీ మిషన్లే చేసిపెడతాయి" అంది. అప్పుడు నవ్వాను. దానికి సమాధానం వెనక పెరట్లో చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ కొంచెం మెరుగుపరిచి. ఆఫీసు కాల్‌లో నేను చెప్పిన మాటనే పది నిమిషాల తర్వాత మా మేనేజర్ తన మాటగా చెబితే అందరూ "గ్రేట్ పాయింట్" అంటారు. ఆయన పని కంచె దగ్గర పడతాను. ఇంట్లోకొచ్చేసరికి ఒళ్ళంతా తేలికైపోతుంది, అత్తగారికి కాఫీ కూడా ప్రేమగానే కలుపుతాను. ఇప్పుడా గంట తీసేసి చేతికి అట్లకాడ ఇస్తానంటే, ఆ మాటలన్నీ ఎక్కడికి పోవాలి? నాలోనే ఉండిపోతే నేనేమైపోవాలి?

అందుకని తప్పు పని చేశాను. ఆరుష్‌ని ఫెయిల్ చేయడం మొదలుపెట్టాను.

అది నాకు వెన్నతో పెట్టిన విద్య. నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 'ఇంకా రెడీ కాలేదు' అని చెప్పడానికే నాకు జీతమిస్తారు. మొదటి శనివారం వాడు క్రాక్స్ చెప్పులు వేసుకుని వచ్చాడు. ఫెయిల్. తర్వాతి వారం బూట్లు వేసుకుని, లేసులు రెండు ముళ్ళు వేసుకుని వచ్చాడు. గడ్డిలో రాలిన పైన్ కోన్‌లు ఏరలేదని ఫెయిల్ చేశాను. ఆ పైవారం పైన్ కోన్‌లు, పుల్లలు, పక్కింటి కుక్క వదిలేసిన బంతి కూడా ఏరి బకెట్లో పోసి చూపించాడు. దుమ్ము పడకుండా కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "అమ్మా, నానమ్మ లోపలే ఉంది, ఐ చెక్డ్. బయట ఎవరూ లేరు. నౌ?" అన్నాడు.

నాకేం దొరకలేదు. ఆకాశం వైపు చూశాను. "మబ్బు పట్టిందిరా. తడిగడ్డి మీద కాలు జారుతుంది" అన్నాను.

"వానే రాలేదు కదమ్మా."

"రావచ్చు."

వాడి మొహం చిన్నబోయింది. బకెట్ తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. నిజంగా సిగ్గేసింది నాకు. కన్నకొడుకు పెద్దవాడవుతుంటే సంతోషించాల్సింది పోయి వాతావరణాన్ని అడ్డం పెట్టుకుంటున్నానే అనిపించింది. అయినా మర్నిమిషంలో తాడు లాగేశాను.

మా ఆయన ప్రాజెక్ట్ మేనేజర్. అడ్డంకి కనిపిస్తే తొలగించకుండా ఉండలేరు. "నీ భయం నాకర్థమైంది ఉషా. ఆ పాతది వాడికి బరువే" అని ఆ వారమే కొత్త బ్యాటరీ మోవర్ కొనుక్కొచ్చారు. తాడు లాగక్కర్లేదు, మీట నొక్కితే చాలు. చెయ్యి వదిలేస్తే దానంతటదే ఆగిపోతుంది. ఆరేళ్ళు నేను నెట్టినప్పుడు ఎవరికీ బరువనిపించని పాత మోవర్‌ని ఎవరికో ఇచ్చేశారు కూడా. అత్తగారు కొత్తదానికి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, డ్రైవ్‌వే మీద కొబ్బరికాయ కొట్టించారు. మనవడికి దిష్టి తీశారు.

"ముందు నేను నడిపి చూపిస్తాను. వాడు చూసి నేర్చుకోవాలి కదా" అన్నాను. ఆఖరి శనివారం. దాన్నైనా వదులుకోదలచుకోలేదు.

ముగ్గురూ వెనక ప్యాటియో మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. నేను ఇయర్‌మఫ్స్ తగిలించుకుని, మీట నొక్కి, వాళ్ళకి వీపు పెట్టి కంచె వైపు నడిచాను. చేతుల్లో ఎప్పటిలాగే సన్నగా అదురు. చెవుల్లో ఎప్పటిలాగే నిశ్శబ్దం. నోరు దానంతటదే తెరుచుకుంది.

"చెట్నీ చల్లారిపోయిందట, చెట్నీ! చెట్నీ ఎక్కడైనా పొగలు కక్కుతుందా? గడ్డి పడదట! గోల్ఫ్ కోర్సులో ఉన్నదేమిటి మరి, కొత్తిమీరా? నాలుగు గంటలు అక్కడ తిరిగొస్తారు, ఒక్క తుమ్ము తుమ్మరే! 'కాస్త కేర్ తీసుకోవాలండీ' అట! ఆ కేర్ పేరు ఉష అని ఒక్కసారి చెబితే నోరు పడిపోతుందా? అత్తయ్యగారూ, 'మా వాడు వారమంతా కష్టపడతాడు, శనివారం పడుకోనీ' అంటారే, మరి వారమంతా నేనేం చేస్తున్నాననుకున్నారు, ల్యాప్‌టాప్ మీద ముగ్గులేస్తున్నానా? పన్నెండేళ్ళవాడు రెడీయా కాదా అని నెల్లాళ్ళు ఆలోచించారే! నేను రెడీయా కాదా అని ఈ ఇంట్లో ఎవరన్నా ఒక్క నిమిషం ఆలోచించారా? పెళ్ళికి, వంటకి, కాన్పుకి, గడ్డికి! ఏ రోజైనా ఎవరన్నా అడిగారా?"

కంచె దగ్గర మలుపు తిరిగాను. ప్యాటియో మీద ఆరుష్ రెండు చేతులూ ఊపుతున్నాడు. రాయేదో అడ్డమొచ్చిందేమోనని మీట వదిలేసి ఇయర్‌మఫ్స్ తీశాను. పిట్టలు అరుస్తున్నాయి. కంచెకి అవతల వెనకింటి కృష్ణమూర్తిగారు హోస్ పట్టుకుని తన చెప్పులకే నీళ్ళు పోసుకుంటున్నారు.

"నమస్కారమమ్మా" అన్నారాయన తడబడుతూ. "నేనేం వినలేదు. మీరు కానివ్వండి."

"అమ్మా" అన్నాడు ఆరుష్ మెల్లిగా. "ఇది బ్యాటరీది. ఇట్స్ సూపర్ క్వైట్."

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. అలాగే నడుచుకుంటూ ప్యాటియో దాకా వచ్చాను, వేరే దారేముంది? మా ఆయన ఎర్రబడిన మొహంతో ఫోన్ తిరగేసి పట్టుకుని అందులోకే చూస్తున్నారు. నేను అత్తగారి వంక చూశాను. ఏ క్షణాన విరుచుకుపడతారో!

"చెట్నీ మాట నేనన్లేదు, వాడన్నాడు" అన్నారావిడ ముందుగా, లెక్క సరిచేస్తున్నట్టు. తర్వాత ఆ మోవర్ వైపు తిరిగారు. "పాతదాని చప్పుడులో ప్రతివారం ఇదే పనా నువ్వు?"

తల ఊపాను.

"అదృష్టవంతురాలివే. మీ మామగారున్నప్పుడు నాకలాంటిది దొరికుంటే, ఈ పెరడేం సరిపోతుంది, పదెకరాలు కోసేదాన్ని" అన్నారు. అని, కొంగు నోటికడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇవన్నీ నాతో చెప్పొచ్చు కదా ఉషా? నేనేమన్నా వద్దన్నానా?"

వద్దనలేదు నిజమే. వింటాననీ అనలేదు. అదే ఆయనతో అన్నాను.

ఆరుష్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. కళ్ళద్దాలు అప్పటికే పెట్టుకుని ఉన్నాడు. పైన్ కోన్‌ల బకెట్ నిండి ఉంది. "సో అమ్మా, నేను రెడీయా? ట్రూత్ చెప్పు."

"ఎప్పుడో రెడీరా నువ్వు. నేనే కాలేదు" అన్నాను. ఇయర్‌మఫ్స్ వాడి తలకి సరిపోయేలా బిగించి, మోవర్ వాడి చేతికిచ్చాను. వాడు గడ్డి మొత్తం ఓసారి కలయజూసి, నానమ్మని ఇంకో అడుగు వెనక్కి జరగమని చెప్పి మరీ మీట నొక్కాడు. మొదటి వరస వంకరగా పోయింది. రెండోది తిన్నగానే వచ్చింది. నాకంటే జాగ్రత్తగా కోస్తున్నాడు. నేను వాడు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాను.

మా ఆయన కాసేపు అలా చూసి కుర్చీలో వెనక్కి వాలారు. గండం గడిచినట్టుంది ఆయనకి. "మంచిది. ఉషా, కాస్త టీ పెట్టు. పెసరట్ల సంగతి కూడా మాట్లాడుకుందాం" అన్నారు అలవాటుగా.

లేవబోయాను. అలవాటే మరి, సగం లేచాను కూడా. మళ్ళీ కూర్చున్నాను.

"మీరు పెట్టండి. అత్తయ్యగారికీ నాకూ కూడా, అల్లం దంచి వేయండి. పెసరపప్పు ఎప్పుడు నానబెట్టాలో చెబుతాను, మీ టీమ్‌కి మీరే పోయండి" అన్నాను.

అరవలేదు. నా మాటని కప్పేసేలా ఏ మిషనూ మోగడం లేదు. ఆయన నా వైపు చూశారు, వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ తీరిగ్గా మనవడిని చూస్తున్నారు. ఆయన లేచి లోపలికి వెళ్ళారు. నా గొంతు అంత మెల్లగా ఉంటుందనీ, అయినా వినిపిస్తుందనీ నాకప్పటిదాకా తెలియదు.