బండికి గడప

నేను ఒక పాత కారుని. కలకత్తా వైపు పుట్టి, రైలెక్కి విశాఖపట్నం వచ్చాను. మొదట నన్ను కొన్న డాక్టరుగారికి బ్రేకు కంటే హారన్ మీద నమ్మకం ఎక్కువ. ఆయన దగ్గర గొంతు పోగొట్టుకున్నాక భీమిలి సింహాద్రి చేతికి వచ్చాను.

సింహాద్రి నన్ను కారుగా ఎప్పుడూ చూడలేదు, ఇల్లుగా చూశాడు. ఇల్లన్నాక గడప ఉండాలి కదా! నా తలుపుల కింద ఉండే పొడుగాటి రేకును గడప అన్నాడు. శుక్రవారం వస్తే దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పెరట్లో కొబ్బరికాయ ఒకటి కొట్టి ఆ నీళ్లు పోసేవాడు. లోపల చేరిన నీరు కారిపోవడానికి ఆ రేకు అడుగున చిన్న కన్నాలు ఉంటాయి. పసుపు ముద్ద వాటిని పూడ్చేసి, పోసిన నీళ్లను లోపలే నిలబెట్టింది. మనుషుల ప్రేమ ఎలా ఉంటుందని ఎవరైనా నన్నడిగితే, కాస్త తేమగా ఉంటుందని చెబుతాను.

సింహాద్రి పోయాక షెడ్డులో ఉండిపోయాను. పాత ఇనుము వాళ్లు అడిగితే ఆయన భార్య పైడమ్మ ఇవ్వనంది. టైలరింగ్ చేసే కూతురు వరాలు, నాన్న బండిని మళ్లీ రోడ్డెక్కించాలని పంతం పట్టింది. వెల్డింగ్ పని తెలిసిన ఆమె భర్త ఈశ్వర్రావు స్క్రూడ్రైవర్‌తో నా గడపను పొడిస్తే అది పిడి దాకా దిగిపోయింది.

"ఇది రేకు కాదే, అప్పడం. పైన పుట్టీ పెట్టి రంగేసినా రాలిపోద్ది. కొయ్యాల," అన్నాడు.

కోశారు. నొప్పి లేదు గానీ సిగ్గేసింది. తెగిన రేకులోంచి గట్టిపడిన పసుపు ముద్దలు రాలిపడ్డాయి. వరాలు వాటిని చేతిలోకి తీసుకుని చిదిమి చూసింది. నన్ను తినేసింది ఎవరి చెయ్యో ఆమెకు అర్థమైంది.

అరుగు మీంచి పైడమ్మ అడిగింది. "ఎలాగొచ్చిందే అంత తుప్పు? మీ నాన్న కంటికి రెప్పలా చూసుకున్నాడు గదా!"

"సముద్రం గాలే అమ్మా," అని వరాలు ముద్దలను కొంగులో దాచేసింది. నా రేకు సంగతి అటుంచి, ఇది నాన్న చేతి పనేనన్న మాట అమ్మ చెవిన పడకూడదన్నదే ఆమె దిగులు.

జాకెట్టుకు కొలత తీసినట్టు పాత పేపరును నా ఒంటికి అదిమి కత్తిరించింది. ఈశ్వర్రావు ఆ కొలతకే కొత్త రేకు కోసి, వంకర పోకుండా చుక్కచుక్కగా అతికాడు. అడుగున కన్నాలు మరిచిపోలేదు. ఎర్ర ప్రైమరు, దాని మీద నా పాత పాలమీగడ రంగు.

శుక్రవారం పైడమ్మ కొబ్బరికాయతో వచ్చింది. వరాలు ఇరకాటంలో పడింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది, ఊరుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

పైడమ్మ నా అద్దానికి చిన్న బొట్టు పెట్టి కాయ కొట్టింది. నీళ్లు గ్లాసులో పట్టి కూతురికి ఇచ్చింది.

"నువ్వు తాగు. బండి తాగింది చాలు."

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మీ నాన్న ఉన్నప్పుడే. నీకు తెలిసిందో లేదోననే ఆ రోజు అడిగాను. షెడ్డులో రాలిన తుప్పు ఊడ్చేది నేను గాదా! పోసేటప్పుడు ఆయన మొహం ఎంత వెలిగిపోయేదో... వద్దని ఎలాగ చెప్పీది?"

వరాలు గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. నా కొత్త గడప పొడిగా, గట్టిగా ఉంది. చెప్పుకోకూడదు గానీ, ఆ క్షణాన నాకు దాహం వేసింది.