శవం షాటు తర్వాతి నవ్వు

మద్రాసులో ఉన్నన్నాళ్లూ సరోజినీదేవి సినిమాల్లో చచ్చిపోతూనే బతికింది. హీరోకి తల్లయినా, హీరోయిన్‌కి అత్తయినా సగం బొమ్మ దాటకముందే మంచం పట్టేది. ఆమె కన్నుమూస్తే హాల్లో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్లు. వేషాలు మానేసి తిరువూరులో చెల్లెలు సుబ్బాయమ్మ ఇంటికి వచ్చేసి నాలుగేళ్లయింది.

చెల్లెలి కూతురు ప్రమీలారాణి పరాయివాళ్ల ముందు నోరు పెగలని పిల్ల. పెద్దమ్మనైతే ఎన్నైనా అడుగుతుంది.

"శవంలా పడుకుంటే భయం వెయ్యదా పెద్దమ్మా?"

"ఎందుకే? షాటు అయిపోగానే నవ్వమంటారు. మెడలో దండ ఉండగానే కెమెరాలోకి చూసి నవ్వాలి. చచ్చింది వేషమే, మనిషి కాదని చూపించడం అన్నమాట. నవ్వకుండా పాడె దిగితే ఆ చావు మన వెంట ఇంటికొస్తుందంటారు."

"నువ్వు ప్రతిసారీ నవ్వావా?"

సరోజినీదేవి చిక్కుడుకాయ ఈనె తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

"ఒక్కసారి నవ్వలేదు."

అదే ఆమె ఆఖరి వేషం. శవం షాటు బాగా వచ్చింది గాని, నవ్వు తీసేలోగా కెమెరాలో ఫిలిం అయిపోయింది. రేపు తీద్దాంలే అమ్మా అన్నారు. మర్నాటికి నిర్మాత చేతులెత్తేశాడు, స్టూడియో ఫ్లోరుకి తాళం పడింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఆమె వెళ్లలేదు. బొమ్మ డబ్బాల్లోనే పడి ఉంది కదా, ఆ చావూ అందులోనే ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

డెబ్బయ్యారు వేసవిలో ఆ బొమ్మను ఇంకెవరో కొని పూర్తిచేశారు. శుక్రవారం నుంచి మన తిరువూరులో అంటూ రిక్షాలో మైకు పెట్టి ఊరంతా తిప్పారు. ఆ మాట విన్న సాయంత్రం పెద్దమ్మ అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండానే చెయ్యి కడుక్కుంది.

తెల్లారాక పట్టుచీర కట్టుకుని, ప్రమీలను వెంటబెట్టుకుని బస్టాండు పక్కనున్న జోజప్ప ఫోటో స్టూడియోకి వెళ్లింది. బొమ్మ పడేలోగా ఏదో ఒక కెమెరా ముందు నవ్వెయ్యాలి.

"మీరు చచ్చిపోయిన బొమ్మలన్నీ చూశానమ్మా," అన్నాడు జోజప్ప, కుర్చీ తుడుస్తూ. "మా ఇంటిదైతే ఒకటి చూసొచ్చి పొయ్యి కూడా వెలిగించలేదు. నాకు ఆ పూట పస్తు."

"ఇవాళ నవ్వుతాను. తియ్యి."

నవ్వింది. లైట్ల వేడికి చెమట కారుతున్నా నవ్వింది. తిరిగొస్తూ విస్సన్నపేట మామిడిపళ్లు బేరమాడి కొంది. ప్రమీల ఆమెను అంత తేలిగ్గా నడవగా ఎప్పుడూ చూడలేదు.

శుక్రవారం మ్యాట్నీకి ఇద్దరూ వెళ్లారు. హాలు గేటు దగ్గరే సరోజినీదేవి కాళ్లు ఆగిపోయాయి. స్టూడియోలో నవ్విన ఫోటోనే పెద్దది చేసి, గోడకు తగిలించి, బంతిపూల దండ వేశారు.

గంపలగూడెం బస్సు దిగి వచ్చిన ఆడవాళ్లు ఫోటో ముందు నిలబడ్డారు.

"అయ్యో, ఈవిడ పోయిందా? ఎప్పుడు?"

"పాపం, ఎంత చక్కగా నవ్వుతుందో చూడు."

ఒకామె ప్రమీల వైపు తిరిగింది. "మీ ఊరామేనంటగా. ఏం జబ్బు చేసిందమ్మా?"

ప్రమీల పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "పోలేదండి. ఈవిడే," అంది. అడిగినామె ఫోటో వంకా మనిషి వంకా చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

హాలు యజమాని జగన్నాథరావు చేతులు జోడిస్తూ వచ్చాడు. "జోజప్ప తెచ్చిచ్చాడండి. మన ఊరావిడని దండ వేయించాను. మొన్న హీరో కటౌటుకీ వేశాంగా."

"ఆయన బొమ్మకి వేసింది వేరు, నాకు వేసింది వేరు. తీయించండి."

ఆయన గేటు మనిషి కోసం వెతికేలోగా ప్రమీలే గట్టెక్కి దండ తీసి టికెట్ల కిటికీలో పెట్టింది.

ఇంటర్వెల్ తర్వాత తెర మీద శవం కనిపించింది. మెడలో అలాంటి బంతిపూల దండే. హాలంతా ముక్కులు చీదుతున్నారు.

పెద్దమ్మ వంగి ప్రమీల చెవిలో అంది. "ఇక్కడే అమ్మాయ్. ఇక్కడే నవ్వాల్సింది."

ముందుకు జరిగి పెదాలు సాగదీసింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. తెర వెలుగులో ఆమె మొహం తెర మీది శవం మొహంలాగే కనిపించింది ప్రమీలకు. ఏం చెయ్యాలో తోచక, ఆ ఏడుపుల మధ్య తనే పైకి నవ్వేసింది.

"ఎవత్తే అది, సిగ్గులేకుండా," అన్నారు వెనకనుంచి.

చీకట్లో పెద్దమ్మ ఆమె వేళ్లు నొక్కింది. చెయ్యి చల్లగా ఉంది. "చచ్చింది నేను కదే. నువ్వు నవ్వితే ఎలా?" అంది నెమ్మదిగా.

ఆట వదిలేసరికి పొద్దు వాలింది. గేటు దగ్గర గేటు మనిషి మరియదాసు స్టూలెక్కి ఫోటోకి మరో దండ వేస్తున్నాడు. వీళ్లను చూడలేదు. "పొద్దుటి దండ ఎవరో పీకేశార్రా. ఫస్టు షోకి కొత్తది తెచ్చాను," అని ఎవరితోనో అంటున్నాడు.

ప్రమీల అటు వెళ్లబోయింది.

"ఉండనీ," అంది పెద్దమ్మ.

ఆమె నడిచింది. ఫస్టు షోకి వస్తున్న జనం అటూ ఇటూ జరిగి దారి ఇచ్చారు. ఒక్కరూ ఆమె మొహం వంక చూడలేదు.