వేసవిలో మంచు చేసినవాడు

రాగి గొట్టానికున్న ప్రతి అతుకు దగ్గరా వంగి టామ్సిన్ వాసన చూస్తోంది. ఆమె వెనకాలే చిల్లులకు మాటు వేసే సామానుతో మొగుడు జోసయా. ఏళ్ల తరబడి ఈథర్ అనే ఘాటైన మత్తు ద్రవం మధ్య బతికి అతని ముక్కు ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది. పొయ్యి మీద మాంసం మాడినా తెలియదు. అందుకే రోజూ పొద్దున్నే పెళ్లాం ముక్కును అరువు తెచ్చుకుంటాడు.

"ఇక్కడ కారుతోంది."

"అది నిన్నటి వాసనే."

"నిన్నటిదేదో ఇవాళ్టిదేదో నా ముక్కుకి తెలీదనుకున్నావా?"

నవ్వుతూ మాటు వేశాడు.

ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో అతనిది చెప్పుకోదగ్గ బతుకేమీ కాదు. పొట్టి మనిషి, కాలిన వేళ్లు, ఊళ్లోవాళ్ల గిన్నెలకు చిల్లులు పూడ్చే పని. కానీ ఈథర్ ఆవిరైపోతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుందని కనిపెట్టి, ఆ ఆవిరిని పంపుతో నొక్కి మళ్లీ ఈథర్‌గా మార్చే యంత్రం కట్టాడు. మంచు అమెరికా ఓడలో రావాలి గానీ రేకుల షెడ్డులో పుడుతుందా అని ఊరు నవ్వింది. బీరు కార్ఖానా యజమాని హాలరన్ మాత్రం ఒక బీరు తొట్టి అప్పగించాడు. వేసవిలో బీరు చెడకుండా నిలిస్తే యంత్రం ఉంటుంది, లేదంటే పాత ఇనుములోకి పోతుంది. ఆయన రుచి చూసేది ఇవాళే.

మధ్యాహ్నానికి ఎడారి మీంచి ఉత్తరపు వడగాలి లేచింది. ఆ గాలి వస్తే ఊరంతా తలుపులు బిగించుకుంటుంది. ఈథర్ ఆవిరి బయటికి పోవాలి కాబట్టి షెడ్డు తలుపులు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండేవి. ఇవాళ తొట్టి వెచ్చబడసాగింది. జోసయా చెయ్యి తలుపు మీదికి వెళ్లింది.

"మూసెయ్యకయ్యా! లోపల ఏం నిండినా నీకు తెలిసి చావదు," అంది టామ్సిన్.

"నువ్వెళ్లి హాలరన్‌ని లాక్కురా. ఈలోగా కొంపేం మునిగిపోదు. గాలికి జడిసి నా బీరు పాడుచేసుకోనా?"

ఆమె వెళ్లగానే తలుపులు మూసి సందుల్లో గోనెలు కుక్కాడు. బయట నీటి ఆవిరితో నడిచే ఇంజను పంపును ఆడిస్తూనే ఉంది. కాసేపటికి గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుంది. తన చేతుల మీద తనకు అంత గర్వం కలగడం అదే మొదటిసారి. తొట్టికి చేరగిలబడ్డాడు. హాయిగా మగత కమ్మింది. వేడి తగ్గినందుకే అనుకుని కళ్లు మూసుకున్నాడు.

తలుపు తీసేసరికి టామ్సిన్‌కు ఊపిరాడలేదు. అరచేత్తో ముక్కు మూసుకుని లోపలికి దూరి, అతన్ని గడప దాకా ఈడ్చింది.

"లెయ్యవయ్యా... ఆయనొచ్చాడు, లే!"

అతను లేవలేదు. గెలిచిన నిబ్బరం ముఖంలో అలాగే ఉంది. ఆమె గుండెలు బాదుకుంటుంటే హాలరన్ టోపీ తీసి నిలబడిపోయాడు.

లోపల, ఆయన కోసం పోసి ఉంచిన బీరు గ్లాసుకు ఆ వడగాలిలోనూ చెమట పట్టి, బల్ల మీదికి చుక్కలుగా జారుతోంది.